ఒక్క ఊపిరి అతుకు

"హోల్డరు ఎక్కడ పెట్టావో చెప్పు."

"మురిక్కాలవలో పడేశాను. వెళ్ళి వెతుక్కో."

"నిన్న దుప్పట్ల పెట్టెలో దాచానన్నావు. మొన్న మీ తమ్ముడికిచ్చి పంపేశానన్నావు. ఇవాళ కాలవ అంటున్నావు. అబద్ధమాడితే ఒక్కదాని మీద నిలబడాలి."

"ముందు నువ్వు నిలబడు. ఆ కుర్చీలోంచి లేచి, ఈ గుమ్మం దాకా వచ్చి, ఏదీ పట్టుకోకుండా నిలబడి చూపించు. అప్పుడిస్తా హోల్డరు."

ఆ తర్వాత లోపలి నుంచి మాట రాలేదు. దగ్గు వచ్చింది. మొదట చిన్నగా, తర్వాత తలుపులు అదిరేలా, ఆ తర్వాత మళ్ళీ చిన్నగా, ఎక్కడో బావి అడుగు నుంచి వస్తున్నట్టు.

వీధి గుమ్మం బయట, ఒక చేతిలో థిన్నరు డబ్బా, ఇంకో చేతిలో ఉప్పుకాగితాల కట్ట పట్టుకుని రంగులవాడు నిలబడి ఉన్నాడు. బండ్లకు, బీరువాలకు స్ప్రే పెయింటు వేయడం అతని పని. లోపల పోట్లాడుకుంటున్నది అతని అక్కా, బావా. మధ్యలో వెళితే ఇద్దరూ కలిసి తన మీద పడతారని అతనికి బాగా తెలుసు. దగ్గు తెరిపిన పడేదాకా ఆగి లోపలికి అడుగుపెట్టాడు.

"రా, నీకోసమే చూస్తున్నా" అంది అక్క. "మీ బావకి ఇనప గేదెను తోలుకొచ్చి పెరట్లో కట్టేశావుగా. ఇప్పుడు దానికి కొమ్ములు అతికించాలట."

"నేను తోలుకురాలేదక్కా. ఆయనే ఎక్కి కూర్చున్నాడు, దిగనన్నాడు."

"దిగనంటే? చంటిపిల్లాడా?"

"చంటిపిల్లాడైతే చంకనెత్తుకుంటే సరిపోయేది. ఈయన్ని దింపేసరికి నా నడుం పోయింది."

బావ నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే దగ్గయిపోయింది. ఈ మధ్య ఆ ఇంట్లో ఏ నవ్వూ చివరిదాకా పోవడం లేదు.

బావ వెల్డరు. గేట్లు, మెట్ల కమ్ములు, నీళ్ళ ట్యాంకుల కింద స్టాండ్లు, లారీల ఛాసీలు, ఇనుము కనిపించిన ప్రతిచోటా ఆయన చెయ్యి పడింది. పనివాళ్ళు ఆయన్ని ఒక్కూపిరి మేస్త్రీ అనేవాళ్ళు. వెల్డింగు రాడ్డు అంటించే ముందు నిండా గాలి పీల్చి బిగబట్టేవాడు. ఆ రాడ్డు చివరిదాకా కరిగేవరకూ వదిలేవాడు కాదు. ఊపిరి కదిలితే భుజం కదులుతుంది, భుజం కదిలితే చెయ్యి కదులుతుంది, చెయ్యి కదిలిందా, అతుకు వంకరపోతుంది. అది ఆయన చెప్పే సంగతి. ఇంకో లాభం కూడా చెప్పేవాడు. పొగ లేస్తున్నంతసేపూ ఊపిరి పీల్చడమే లేదు కనుక, పొగ తన లోపలికి పోయే ప్రశ్నే లేదట. పక్క షెడ్లవాళ్ళు దగ్గుతుంటే, "బిగబట్టడం చేతకాని వెధవలు" అని వెటకారం చేసేవాడు.

ఆయన వేసిన అతుకు చేప పొలుసుల్లా వరసగా, ఈ చివర నుంచి ఆ చివరకు, ఎక్కడా ఆగిన గుర్తు లేకుండా ఉండేది. రంగులవాడికి కూడా దాని మీద రంగు వెయ్యాలంటే మనసొప్పేది కాదు. "మేం చేసిన పాపాలు కప్పిపెట్టడానికే మీ జాతి పుట్టిందిరా రంగులోడా" అని బావ అంటే, "నీ దగ్గర నాకు పనే దొరకడం లేదు బావా, ఒక్క పాపమైనా చెయ్యి" అనేవాడు.

ఆ పద్ధతి పట్టుబడనివాణ్ణి బావ షెడ్డులో ఉంచేవాడు కాదు. ఒక శిష్యుడుండేవాడు. సగం రాడ్డుకే ఆపేవాడు. మొహం పక్కకి తిప్పి గాలి పీల్చుకునేవాడు. ఆగిన చోట అతుకు మీద పేరుకున్న పెంకును చిన్న సుత్తితో కొట్టి రాల్చి, తీగ బ్రష్షుతో తళతళలాడేలా రుద్ది, కొంచెం వెనక నుంచి మళ్ళీ అంటించేవాడు. బావకి అది చూస్తే ఒళ్ళు మండేది. "అతుకేస్తున్నావా, అత్తారింటికి వెళుతున్నావా?" అని వాడికి నిదానం అని పేరు పెట్టాడు. "ఆగి ఆగి వేసేది అతుకు కాదురా, అతుకుల బొంత" అని చివరికి వెళ్ళగొట్టాడు. నిదానం అదే వీధి చివర సొంత షెడ్డు పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక కూడా అలాగే ఆగి ఆగి వేస్తున్నాడు.

బావకే దగ్గు పట్టుకున్నాక, ఆ పద్ధతిలో తప్పెక్కడుందో ఆసుపత్రిలో ఛాతీ డాక్టరమ్మ బయటపెట్టింది. ఆవిడేమీ పెద్ద ఉపన్యాసం ఇవ్వలేదు. మామూలుగా అడిగింది.

"పని చేసేటప్పుడు ఊపిరి బిగబడతారు, సరే. మరి పీల్చుకునేది ఎప్పుడు?"

"రాడ్డు అయిపోగానే. మాస్కు ఎత్తి."

"అప్పుడు పొగ ఎక్కడుంటుంది?"

బావ నోరు తెరిచాడు. మూసుకున్నాడు. పొగంతా అప్పుడు మొహం ముందే ఉంటుంది. అంతసేపు గాలికి మొహంవాచిన ఊపిరితిత్తులు దాన్ని అడుగంటా జుర్రుకుంటాయి. ఇన్నేళ్ళూ తాను తప్పించుకున్నాననుకున్న పొగను బావ గుక్కలు గుక్కలుగా తాగాడు. పక్క షెడ్లవాళ్ళు కొంచెం కొంచెం పీల్చినదాన్ని ఈయన గంపగుత్తగా మింగాడు.

పోయింది తిరిగి రాదని, మళ్ళీ వెల్డింగు పొగ దగ్గరికి పోతే మిగిలింది కూడా మిగలదని డాక్టరమ్మ చెప్పి పంపింది. తిరిగి వచ్చే దారి పొడవునా బావ బస్సు కిటికీలోంచి గేట్లు చూస్తూ కూర్చున్నాడు. కొన్ని ఆయన చేసినవే.

అప్పటి నుంచి ఆయన బతుకంతా ఒక కుర్చీలోకి వచ్చింది. పడుకుంటే ఊపిరాడదు. ముందుకు వంగితే ఆడదు. మోకాళ్ళు ముడిస్తే పొట్ట ఛాతీ మీదికి ఎగదన్నుకొస్తుంది. ముందు గదిలో ఒక పాత చెక్క కుర్చీ ఉంది. వీపు కొంచెం వెనక్కి వాలి, కాళ్ళు చాపుకోవడానికి వీలుగా ఉంటుంది. అందులో కూర్చుంటే మాత్రం గాలి లోపలికి దిగుతుంది. తిండీ అందులోనే, నిద్రా అందులోనే. బయటికి వెళ్ళాలంటే రంగులవాడు రావాలి, చంకల కింద చేతులు పెట్టి లేపాలి, ఆటో ఎక్కించాలి. మెట్టు మెట్టుకీ ఆగి, అటూ ఇటూ చూసి ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాకే బావ అడుగు తీసేవాడు. చేతుల్లో లారీ ఛాసీ పట్టుకుని తిప్పిన మనిషి.

ఒకరోజు ఆటోలో వస్తూ అన్నాడు: "నా అంతట నేను ఈ గేటు దాటి వెళ్ళి, నా అంతట నేను తిరిగి రావాలిరా. ఎక్కడికని అడగొద్దు. ఎక్కడికైనా సరే. కుర్చీలో కూర్చుని చచ్చిపోతానేమోనని భయంగా ఉంది."

 దానికి జవాబు పాత బండ్ల వ్యాపారి దగ్గర దొరికింది.

ఒక బండి పెట్రోలు ట్యాంకుకు రంగు వెయ్యాలని ఆ వ్యాపారి కబురు పెడితే, ఇంట్లో కూర్చుని విసిగిపోయిన బావను కూడా రంగులవాడు వెంటబెట్టుకెళ్ళాడు. రేకుల పందిరి కింద బండ్లు కిక్కిరిసి ఉన్నాయి. పందిరి చివర, ఎవరూ అడగక దుమ్ము కొట్టుకుపోయిన పాత క్రూయిజరు మోటారుసైకిలొకటి ఉంది. పొడవాటి మనిషి కాళ్ళు చాపుకుని పడుకున్నట్టు నేలబారుగా, బరువుగా ఉంది. రెండు సిలిండర్లు ఎదురుబొదురుగా వాలి ఉన్నాయి. క్రోము పొక్కులు లేచిపోయింది. సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చింది. అక్కడిదాకా నడిచేసరికి బావకి ఆయాసం వచ్చి, పట్టుకోవడానికి ఏదీ దొరక్క ఆ బండి మీద కూలబడ్డాడు.

కూలబడ్డవాడు లేవలేదు. అరికాళ్ళు రెండూ నేలకు ఆనాయి. వీపు నిటారుగా నిలిచింది. కళ్ళు మూసుకున్నాడు. భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

వ్యాపారి చూసి చూసి రంగులవాడి చెవిలో అన్నాడు: "బండి కొంటాడా, దాని మీద కాపురం పెడతాడా?"

బావ కళ్ళు తెరవకుండానే జేబులోంచి తాళంచెవి తీసి, ఫ్రేము మీద అక్కడక్కడా తట్టాడు. చెవి వొగ్గి విన్నాడు. "ఎముక బాగుంది" అన్నాడు. "చర్మం పోయింది, పోతే పోయింది. చర్మం వేసేవాడు మనింట్లోనే ఉన్నాడు."

"ఇంజను వినవా మేస్త్రీ?"

"వినిపించు."

మొదట మొరాయించింది, తర్వాత అంటుకుంది. నింపాదిగా, ఒక్కో దెబ్బా విడివిడిగా వినపడేలా కొట్టుకోసాగింది. బావ ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉంచాడు. ఆయన్ని దింపేసరికి రంగులవాడికి నిజంగానే నడుం పోయింది.

ఇంటికి తెచ్చాక అసలు పని మొదలైంది. బండి ఉన్నదున్నట్టు బావకి సరిపోదు. కాళ్ళు ఇంకా ముందుకు చాపాలి. హ్యాండిల్ ఇంకా పైకి, ఒంటి వైపుకు రావాలి. వీపుకి ఆసరా కావాలి. కొలత ఎలా అని రంగులవాడు అడిగితే, "కొలత ఎదురుగా కనపడుతుంటే అడుగుతావేంటి?" అని తాను కూర్చున్న కుర్చీని చూపించాడు. రంగులవాడు పెద్ద అట్టముక్క తెచ్చి, కుర్చీ పక్కన ఆనించి, వీపు ఎంత వాలిందో, మోకాలు ఎక్కడ వంగిందో, పాదం ఎక్కడికి చేరిందో గీతలు గీసి కత్తిరించాడు. ఆ అట్టను తీసుకెళ్ళి బండి పక్కన పెట్టి చూశారు. పాదం ఉండాల్సిన చోట గాలి తప్ప ఏమీ లేదు. అక్కడికి ఫ్రేము నుంచి రెండు వైపులా మందపాటి ఇనప పట్టీలు రావాలి, వాటికి ఫుట్‌రెస్టులు, ఎడమన గేరు పెడలు, కుడిన బ్రేకు పెడలు రావాలి.

"అంటే ఇంట్లో ఉన్న కుర్చీకే చక్రాలు పెడుతున్నారన్నమాట" అంది అక్క.

"అంతే" అన్నాడు బావ. "ఎంత చక్కగా చెప్పావు."

"చక్కగా చెప్పలేదు. ఏడవలేక చెప్పాను."

హ్యాండిల్ పాత దుకాణంలో దొరికింది. వీపు ఆసరా బోల్టులతో బిగించారు. పట్టీలు మాత్రం బోల్టులతో ఆగవు. మనిషి బరువంతా బ్రేకు తొక్కినప్పుడు వాటి మీదే పడుతుంది. అతకాలి. రంగులవాడికి వెల్డింగు రాదు. "నిదానం దగ్గరికి తీసుకెళ్తాను" అన్నాడు. బావ మొహం మాడ్చుకున్నాడు.

"వాడి అతుకు మీద కాలు పెట్టి నేను ఊరేగాలా? నేనే వేస్తాను. రెండు పట్టీలు. ఎంతసేపు?"

అక్క ఆ రోజే రాడ్డు పట్టుకునే హోల్డరు దాచేసింది. ఆ హోల్డరు గురించే ఇవాళ్టి పోట్లాట. రంగులవాడు థిన్నరు డబ్బా కింద పెట్టి ఇద్దరి వైపూ చూశాడు.

"అక్కా, డాక్టరమ్మ చెప్పింది గుర్తుందిగా. ఇచ్చేవు సుమా."

"నేనెందుకిస్తాను? నాకేమన్నా పిచ్చా?"

బావ కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించాడు. లేచాడు. గోడ పట్టుకోలేదు. గుమ్మం దాకా వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఆగాడు, పెదాలు ముడిచి గాలి వదిలాడు, మళ్ళీ నడిచాడు. గుమ్మంలో నిలబడి, చేతులు రెండూ పైకెత్తి చూపించాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. 

అక్క వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి గట్టు కింద, ఖాళీ సిలిండరు వెనక నుంచి హోల్డరు తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నా మాటతోనే నన్ను గెలిచావు" అంది. "పో. చావు." ఆ మాట అన్నాక పెరట్లోకి వెళ్ళి, నిలువు ఫ్యాను తెచ్చి బండి పక్కన తనే పెట్టింది.

"గాలి తగిలితే అతుకు పాడవుతుందే" అన్నాడు బావ.

"మనిషి పాడవడం కంటే నయం."

ఇద్దరికీ కుదిరే చోటు కోసం ఫ్యాను అటు జరిగి ఇటు జరిగి, చివరికి బావ వీపు వెనక చేరింది. బావ స్టూలు మీద కూర్చుని మాస్కు దించుకున్నాడు. అలవాటు కొద్దీ నిండా గాలి పీల్చబోయాడు. అక్కడ నిండడానికేమీ లేదు. ఉన్నంతలో బిగబట్టి రాడ్డు అంటించాడు.

రంగులవాడు వేరే వైపు చూస్తూ నిలబడ్డాడు. చిటపట వినపడుతోంది. ఆగింది. బావ మాస్కు ఎత్తి, నోరు తెరిచి, ఒడ్డున పడ్డ చేపలా గాలి అందుకుంటున్నాడు. మళ్ళీ చిటపట. మళ్ళీ ఆగింది. ఇంకా తొందరగా ఆగింది. ఆయన చెయ్యి వణకలేదు. ఆ చేతిలో పనితనం చెక్కుచెదరకుండా అలాగే ఉంది. ఊపిరే ఆ చేతికి చాలడం లేదు.

అక్కడ ఒక పొరపాటు జరిగింది. బావ లాంటివాడే చేయగలిగిన పొరపాటు. బతుకంతా మధ్యలో ఆగి ఎరగని మనిషికి, ఆగినచోట మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో తెలియదు. పెంకు రాల్చాలి, రుద్దాలి, కొంచెం వెనక నుంచి అందుకోవాలి. పనిలో చేరిన ప్రతివాడూ మొదటి ఏడాదే నేర్చుకునే ఆ పని బావకి ఎప్పుడూ అవసరం పడలేదు. ఆగిన చోట నుంచే, పెంకు మీదే మళ్ళీ అంటించుకుంటూ పోయాడు.

చల్లారాక రంగులవాడు బొటనవేలితో అతుకును నిమిరి చూశాడు. కుడి పట్టీ ఫరవాలేదు. ఎడమ పట్టీ మీద వేలు అక్కడక్కడా తట్టుకుంది. పొలుసుల మధ్య చిన్న చిన్న గుంటలు. ఎక్కడెక్కడ ఊపిరి అయిపోయిందో అక్కడల్లా ఒక గుంట.

"రంగు వేసెయ్" అన్నాడు బావ.

"వాన పడలేదుగా."

అది బావ పెట్టిన నియమమే. కొత్త అతుకు మీద వెంటనే రంగు వెయ్యకూడదు. ఒట్టి ఇనుముగా కొన్నాళ్ళు తిరగాలి, దాని మీద ఒక వానైనా పడాలి. లోపల పగులుంటే అక్కడ తుప్పు ఎర్రగా గీత కడుతుంది. ముందే రంగేస్తే ఆ గీత ఎవరికీ కనపడదు. ఈ నియమం తప్పాడని బావ ఒకసారి రంగులవాడితో చాలాకాలం మాట్లాడలేదు.

"వానదాకా నేనుంటానో లేదో. వేసెయ్."

"నువ్వుంటావు. ఉండి నన్ను తిడతావు. వెయ్యను."

"అక్కకి తగ్గ తమ్ముడివే."

మర్నాటి నుంచి బావ బండి తీశాడు. పొద్దున్నే రంగులవాడు వచ్చి బండిని వీధి వైపు తిప్పి పెట్టేవాడు. బావకి దాన్ని వెనక్కి తోసే శక్తి లేదు. అందుకే వెనక్కి తొయ్యాల్సిన అవసరం వచ్చే చోట ఆగకూడదని ఆయనకో పద్ధతి. వీధి చివరిదాకా, నీళ్ళ ట్యాంకు చుట్టూ, తిరిగి ఇంటికి. అంతే. కానీ ఆయన అంతట ఆయన. మొదటిరోజు తిరిగొచ్చి గేటు ముందు ఇంజను ఆపి, దిగకుండా అలాగే కూర్చున్నాడు. రంగులవాడు దగ్గరికి వెళితే, "కాసేపు పక్కకి పోరా" అన్నాడు. మొహం తడిగా ఉంది.

అక్కకి మాత్రం ఒక ఫిర్యాదు ఉండేది.

"మూల తిరిగాక చప్పుడు వినపడటం లేదు. ఎక్కడున్నావో నాకెలా తెలుస్తుంది?"

"అందరి పెళ్ళాలూ సైలెన్సరు చప్పుడు తగ్గించమంటారు."

"అందరి మొగుళ్ళూ నీలాగా లేరు. పెంచు."

రంగులవాడు సైలెన్సరు లోపలి జాలీ పీకేశాడు. వీధివాళ్ళు తిట్టుకున్నారు. అక్క గేటు పట్టుకుని నిలబడి, కళ్ళు మూసుకుని వినేది. ఇప్పుడు ట్యాంకు దగ్గర, ఇప్పుడు నిదానం షెడ్డు ముందు, ఇప్పుడు మూల మీద అని నోట్లో అనుకునేది. చప్పుడు గేటుకు దగ్గరవుతుంటే లోపలికి పోయి, ఏమీ ఎరగనట్టు అంట్లు ముందేసుకుని కూర్చునేది.

ఆ రోజులు ఎక్కువ లేవు.

వాన పడింది. ఎడతెరిపి లేకుండా రాత్రంతా కురిసి తెల్లారేసరికి వెలిసింది. రంగులవాడు ఎప్పటిలాగే బండిని వీధి వైపు తిప్పి పెట్టి, గుడ్డతో తుడుస్తూ ఎడమ పట్టీ దగ్గర ఆగాడు. ఒక గుంట పక్క నుంచి వెంట్రుకంత ఎర్రగీత పైకి పాకింది. గుడ్డతో రుద్దాడు. పోయింది. వేలితో నొక్కి వదిలితే నీటిచుక్కతో కలిసి మళ్ళీ ఎర్రగా ఊరింది.

"బావా."

"కనపడిందా?" కుర్చీలోంచే అన్నాడు బావ. "ఆ కింది నుంచి రెండో గుంటేగా? అక్కడ కళ్ళు చీకట్లు కమ్మాయి నాకు."

"తెలిసి కూడా నడుపుతున్నావా?"

"తెలిస్తే?"

"ఇవాళ బండి తీయొద్దు. నిదానానికి చూపిస్తాను."

బావ రంగులవాడి చేతిలోని తాళంచెవి వైపు చూశాడు. "రేపు చూద్దాం" అన్నాడు. ఆ రేపు అనడంలోనే రంగులవాడికి అనుమానం రావాల్సింది. వచ్చి ఉంటే తాళంచెవి జేబులో వేసుకుని పోయేవాడు. దాన్ని ఎప్పటిలాగే మేకుకు తగిలించి పనికి వెళ్ళాడు.

అక్క స్నానానికి వెళ్ళినప్పుడు బావ బండి తీశాడు. ట్యాంకు చుట్టూ తిరిగి వస్తూ, మూల దగ్గర గేరు తగ్గించడానికి ఎడమ కాలు నొక్కాడు. పట్టీ విరిగింది. కాలు కిందికి జారింది, బండి ఆ వైపుకే నెమ్మదిగా ఒరిగింది. వేగమేమీ లేదు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఎముక ఒక్కటీ విరగలేదు.

జనం మంచివాళ్ళు. పరిగెత్తుకొచ్చారు. బండి లేపారు. మనిషి ఊపిరందక కొట్టుకుంటుంటే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. లేవబోతుంటే, "కదలకండి, పడుకోండి" అని భుజాలు పట్టి అదిమారు. ఒకావిడ కొంగుతో విసిరింది. ఆయన కూర్చోబెట్టమని చేత్తో సైగ చేస్తుంటే, నీళ్ళు కావాలేమోనని నోట్లో నీళ్ళు పోశారు.

షెడ్డులో పనిచేసుకుంటున్న నిదానానికి బండి చప్పుడు రోజూ వినపడి వినపడి అలవాటైపోయింది. ఆ చప్పుడు ఉన్నట్టుండి మూల దగ్గర తెగిపోయేసరికి చేతిలో పని వదిలేసి పరిగెత్తాడు. జనాన్ని తోసుకుని వెళ్ళి, మేస్త్రీని లేపి కూర్చోబెట్టి, తన ఛాతీకి ఆనించుకున్నాడు. "మేస్త్రీ, ఆగి పీల్చండి. తొందర లేదు. ఆగి పీల్చండి" అంటూనే ఉన్నాడట. తడి జుట్టుతో అక్క వచ్చేసరికి వాళ్ళిద్దరూ రోడ్డు మధ్యలో అలా కూర్చుని ఉన్నారు.

బావ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాడు గానీ, వెళ్ళిన మనిషి రాలేదు. ముక్కుకు సన్నని గొట్టం. ఆ గొట్టం గోడ పక్కన గాలి మిషనుకు. మిషను గోడకున్న ప్లగ్గుకు. అది రోజంతా గుర్రుమంటూ ఉంటుంది. గొట్టం ఆయన్ని కుర్చీ నుంచి గుమ్మం దాకా పోనిస్తుంది. గుమ్మం దాటనివ్వదు.

ఒక మధ్యాహ్నం రంగులవాడు వెళ్ళేసరికి అక్క ముందు గదిలో సామాను ఒక్కతే లాగుతోంది. చెమటలు కారుతున్నాయి.

"ఈ బీరువా అటు జరుపు తమ్ముడూ. బండిని లోపలికి తెద్దాం. కొలిచి చూశాను, గొట్టం అందుతుంది. దాని మీద కూర్చుంటే ఊపిరి బాగా తీస్తాడు కదా. ఇక్కడే కూర్చుంటాడు."

ఇనప గేదె అన్న మనిషి. రంగులవాడు బీరువాకు భుజం ఆనించాడు.

"వద్దు" అన్నాడు బావ.

ఇద్దరూ ఆగారు.

"లోపల పెడితే అది కుర్చీ అవుతుంది. కుర్చీ ఉందిగా."

అక్క అక్కడే నేల మీద చతికిలబడింది.  పెరట్లో బండి ఒక పక్కకి ఒరిగి ఉంది. విరిగిన పట్టీ ఇంకా దానికే వేలాడుతోంది, ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

బావ చేత్తో దగ్గరికి రమ్మన్నాడు. రంగులవాడు వెళ్ళి కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇప్పుడు బావ మాట కూడా ముక్కలు ముక్కలుగా వస్తోంది. ముక్కకీ ముక్కకీ మధ్య కళ్ళు మూసుకుని గాలి కోసం ఎదురుచూస్తాడు.

"బండి నువ్వు నడుపు. రోజూ పొద్దున. ట్యాంకు చుట్టూ. ఇక్కడికి వినపడాలి నాకు."

"సరే బావా."

"ఆ పట్టీతో నడపొద్దు. ఎడమది... కుడిది కూడా. రెండూ కోసెయ్. నా అతుకు ఒక్కటి కూడా ఉంచకు."

రంగులవాడు తలెత్తి చూశాడు. బావ అతన్ని చూడటం లేదు. తెరిచి ఉన్న పెరటి గుమ్మంలోంచి బండిని చూస్తున్నాడు.

"నిదానం దగ్గరికి తీసుకెళ్ళు. నేను పంపానని చెప్పు. వాడి పద్ధతిలోనే వెయ్యమను." మాట ఆగింది. గొట్టంలో గాలి సన్నగా బుసకొట్టింది. "మధ్యలో ఆగి, మొహం పక్కకి తిప్పి, ఊపిరి పీల్చుకోమను."